రీసెట్ బొత్తాం నొక్కమంటున్నారు, నొక్కే ముందు అడుగుతున్నాను: మా ఇంటి రూటర్ సెట్టింగులు

గోదావరిగట్టు_టీచర్

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. హైస్కూల్లో 32 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. మా అమ్మాయి కుటుంబం జర్మనీలో ఉంటుంది. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి అక్కడ మనవరాలు బడి నుంచి వచ్చేస్తుంది. వీడియోలో కూర్చుని నాకు తెలుగులో ఎక్కాలు ఒప్పజెబుతుంది. రెండు నెలలుగా సరిగ్గా ఆ వేళకే బొమ్మ ఆగిపోతోంది. పదమూడో ఎక్కం మధ్యలో పాప ముఖం అలాగే నిలిచిపోతుంది, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. మళ్లీ కలిపేసరికి పాపకు ఆసక్తి పోతుంది. నాకు రోజంతటిలో ఆ అరగంటే ముఖ్యం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫైబర్ కనెక్షన్ పెట్టించి మూడేళ్లయింది. వచ్చిన అబ్బాయి మా ఫోను నంబరునే వైఫై పాస్‌వర్డుగా పెట్టి వెళ్లాడు. ఆ తరువాత పై వాటాలో ఇద్దరు అద్దెకు మారారు. ఇద్దరికీ పాస్‌వర్డు నేనే చెప్పాను. ట్యూషన్ పిల్లలకూ చెప్పాను. ఇప్పుడు అది ఎంతమంది దగ్గర ఉందో నాకే తెలియదు. కాబట్టి మార్చాలనుకున్నాను.

రూటర్ అడుగున అంటించిన కాగితం మీద 192.168.1.1 అని ఉంది. ఫోనులో ఆ అంకెలు కొడితే మొదట వెతుకులాట ఫలితాలు వచ్చాయి. రెండోసారి ‘ఈ పేజీ సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక వచ్చింది. భయపడి ఆపేశాను. మర్నాడు ధైర్యం చేసి ముందుకు వెళితే పేరు, పాస్‌వర్డు అడిగింది. వైఫై పాస్‌వర్డు కొట్టాను, తప్పంది. మూడుసార్లు కొట్టాక ఒక నిమిషం ఆగమంది.

కనెక్షన్ ఇచ్చినవారికి ఫోను చేస్తే ‘వెనకాల చిన్న రంధ్రం ఉంటుంది, పిన్నుతో పది సెకన్లు నొక్కిపట్టండి, అన్నీ మామూలైపోతాయి’ అన్నారు. పిన్ను పట్టుకుని రూటర్ ముందు నిలబడ్డాను గానీ మనసు ఒప్పలేదు. అన్నీ మామూలైపోవడం అంటే ఏవేవి పోతాయో చెప్పమని అడిగితే ఫోను పెట్టేశారు. నా ప్రశ్న అదే. నొక్కితే ఏం పోతుంది? నొక్కకుండా లోపలికి వెళ్లే దారి ఉందా? ఇంకొకటి, ఇది నేనే చేయాలనుకుంటున్నాను. ఎవరినైనా పంపిస్తామని దయచేసి అనకండి.

---

తీగపని_శ్రీకాకుళం

టీచరు గారూ, నమస్కారం. పిన్ను పక్కన పెట్టేయండి. మీరు ఆగి అడగడం ఎంత మంచిదయిందో చెబుతాను. పదకొండేళ్లుగా ఇళ్లకు ఫైబర్ వేసే పనిలో ఉన్నాను. నాకు వచ్చే పిలుపుల్లో చాలా భాగం ఆ రంధ్రం వల్లనే.

రూటర్‌ను ఆపి మళ్లీ వేయడం వేరు, రీసెట్ వేరు. ఆపి వేస్తే ఏమీ పోదు. రీసెట్ చేస్తే అది కర్మాగారం నుంచి వచ్చిన రోజుకు వెళ్లిపోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డు పోయినా మళ్లీ పెట్టుకోవచ్చు. అసలు పోకూడనిది ఇంకొకటి ఉంది. కనెక్షన్ పెట్టిన రోజు మాలాంటివాళ్లం లోపల పీపీపీఓఈ అనే చోట మీ ఖాతా పేరు, దాని పాస్‌వర్డు రాసి పెడతాం. కొన్నిచోట్ల వీల్యాన్ అనే ఒక సంఖ్య కూడా వేస్తాం. రూటర్ ఆ పేరు చెప్పుకుంటేనే అవతలివారు మీ ఇంటికి ఇంటర్నెట్ వదులుతారు. రీసెట్ చేస్తే ఆ పేరు చెరిగిపోతుంది. అప్పుడు ‘పాన్’ అని రాసి ఉన్న లైటు పచ్చగానే వెలుగుతుంది, వెలుగు తీగలో లోపం ఉండదు, కానీ ఇంటర్నెట్ రాదు. ఇంట్లోవాళ్లు తీగ తెగిందనుకుంటారు. నిజంగా తీగ తెగితే ‘ఎల్‌ఓఎస్’ అనే లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. ఈ రెండు లైట్ల తేడా ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నా కోరిక.

కొన్ని సంస్థల రూటర్లు రీసెట్ అయ్యాక కూడా ఆ వివరాలను దూరం నుంచి తామే తెచ్చుకుంటాయి. మీది ఆ రకమని తేలేవరకు నొక్కవద్దు. ముందు ఫోను చేసి మీ పీపీపీఓఈ పేరు, పాస్‌వర్డు, వీల్యాన్ సంఖ్య అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. అది మీరు డబ్బు కట్టే ఖాతా వివరం, అడిగే హక్కు మీకుంది. గట్టిగా అడగండి.

ఇక లోపలికి వెళ్లే పాస్‌వర్డు వేరు, వైఫై పాస్‌వర్డు వేరు. వైఫై పాస్‌వర్డు వీధి గుమ్మం తాళం అనుకుంటే, ఇది బీరువా తాళం. అడుగున ఉన్న కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. వైఫై వివరాల కింద చిన్న అక్షరాల్లో లాగిన్ పేరు, పాస్‌వర్డు అని ఇంకో వరుస ఉంటుంది. చాలావాటిలో పేరు ‘అడ్మిన్’ లేదా ‘యూజర్’. పాస్‌వర్డులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు చూసి కొట్టండి. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ తేడా గమనించండి.

---

ఐదోమెట్టు

పై సమాధానంలో ప్రతి మాటా సరైనదే. నేను హైదరాబాదులో నెట్‌వర్కుల పని చేస్తాను. టీచరు గారిని భయపెట్టిన ఆ హెచ్చరిక గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు.

192.168 తో మొదలయ్యే చిరునామాలు బయటి ప్రపంచానివి కావు. ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికని కొన్ని చిరునామాలను కేటాయించి ఉంచారు. ఇప్పటికీ అమల్లో ఉన్న ఆ ఒప్పందం 1996లో వచ్చింది. ప్రతి ఇంట్లోనూ వంటగది ఉంటుంది, ‘వంటగదిలో ఉంది’ అంటే మన ఇంటి వంటగదే అని అర్థం. ఇదీ అంతే. అదే అంకెలు లెక్కలేనన్ని ఇళ్లలో ఉంటాయి, మీరు కొడితే మీ ఇంటి రూటరే పలుకుతుంది. బ్యాంకు పేజీకి ఉన్నట్టు దానికి బయటివాళ్లు ఇచ్చిన ధ్రువపత్రం ఉండదు గనుక బ్రౌజర్ హెచ్చరిస్తుంది. మీ సొంత వైఫైలో ఉండి, అంకెలు సరిగ్గా కొట్టి ఉంటే ముందుకు వెళ్లవచ్చు. వేరే ఏ సైటులో ఆ హెచ్చరిక వచ్చినా మాత్రం మీరు మొదటిరోజు చేసినట్టే ఆగిపోండి.

మీకు వెతుకులాట ఫలితాలు వచ్చాయన్నారు. అందులో దేనినీ నొక్కవద్దు. అంకె ఒకటికి బదులు ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం పడినా, మధ్యలో ఖాళీ వచ్చినా బ్రౌజర్ దాన్ని ప్రశ్న అనుకుంటుంది. రూటర్ లాగిన్ అని చెప్పుకునే పేజీలు బయట బోలెడు ఉన్నాయి. పాస్‌వర్డు కొట్టవలసింది వాటిలో కాదు. ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, పైన చిరునామా గీతలోనే కొట్టండి. అన్ని ఇళ్లలోనూ 192.168.1.1 ఉండదు. ఇది చదివే మిగతావారు ఫోనులో వైఫై వివరాలు తెరిచి ‘గేట్‌వే’ అన్నచోట చూసుకోండి, ఐఫోనులో అయితే ‘రూటర్’ అని ఉంటుంది. అక్కడున్నదే మీ ఇంటి సంఖ్య.

లోపలికి వెళ్లాక ఏదీ మార్చకుండా ముందు కలిసి ఉన్న పరికరాల జాబితా చూసి, ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాయండి. పాస్‌వర్డు రేపు మార్చవచ్చు. ఇవాళ మార్చేస్తే ఎవరు వాడుతున్నారో ఎప్పటికీ తెలియదు.

---

గోదావరిగట్టు_టీచర్

లోపలికి వెళ్లాను! కాగితం మీద పాస్‌వర్డు నిజంగానే ఉంది, మూడేళ్లుగా నా చేతి కిందే ఉంది. పీపీపీఓఈ వివరాలు కూడా రెండోసారి ఫోను చేసినప్పుడు చెప్పారు. నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

జాబితాలో 19 వరుసలున్నాయి. మా ఇంట్లో ఉన్నవి నా ఫోను, మావారి ఫోను, టీవీ, ట్యాబ్. పైవాళ్లవి మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ అని వాళ్లనే అడిగి తెలుసుకున్నాను. ఎనిమిది. మిగతా పదకొండూ ఎవరివి? చాలావాటికి పేరు లేదు, అంకెలు, అక్షరాలు కలిసిన మ్యాక్ చిరునామా మాత్రం ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు.

---

ఐదోమెట్టు

కంగారు పడకండి. పదకొండు వరుసలంటే పదకొండు మంది దొంగలు కాదు. మీరు చూసినది రూటర్ చిరునామాలు పంచిపెట్టిన చిట్టా. ఒకసారి ఇచ్చిన చిరునామా సాధారణంగా ఒక రోజు వరకు ఆ పేరనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి వచ్చి ఎనిమిదింటికి వెళ్లిపోయిన ట్యూషన్ పిల్లల ఫోన్లు కూడా అందులో కనిపిస్తాయి.

ఇంకో కారణం ఉంది, లెక్కల టీచరుగా మీకు నచ్చుతుంది. మ్యాక్ చిరునామాలో 12 స్థానాలు. ఒక్కో స్థానంలో పదహారు ఆధారంగా 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్. ఒకప్పుడు ఇది తయారుచేసినవారు పరికరానికి వేసిన శాశ్వత సంఖ్య. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు సంఖ్య దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత సంఖ్య చెబుతున్నాయి. ఎవరూ మనిషి జాడ పట్టకుండా ఈ ఏర్పాటు. మంచిదే. గుర్తుపట్టడం తేలిక: ఎడమ నుంచి రెండో స్థానం చూడండి. అక్కడ 2, 6, ఏ, ఈ లలో ఏదైనా ఉంటే అది కల్పిత సంఖ్య, అంటే దాదాపుగా ఏదో ఒక ఫోను. ఒకే ఫోను ‘ఈ నెట్‌వర్కు మరిచిపో’ అన్నాక మళ్లీ కలిస్తే కొత్త సంఖ్యతో రావడమూ ఉంది.

ఆ నాలుగూ లేనివాటి మీద దృష్టి పెట్టండి. వాటి మొదటి ఆరు స్థానాలు తయారీదారువి. ఇంటర్నెట్‌లో ఆ ఆరూ వెతికితే ఏ సంస్థ పరికరమో తెలుస్తుంది. ఇంకో సూచన: చిట్టా కాకుండా ‘ఇప్పుడు వైఫైలో ఉన్నవి’ అనే జాబితా ఉంటే దాన్నే చూడండి, అదీ అందరూ పడుకున్న వేళ.

---

రొయ్యలచెరువు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాది భీమవరం దగ్గర. చెరువు గట్టున గదిలో కెమెరా పెట్టాం. ఇంటి నుంచి చూడాలని రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయట నుంచి వచ్చే పిలుపును కెమెరాకు చేర్చే దారులు, అన్నీ పెట్టాను, లోపల చూస్తే సరిగ్గానే ఉంది, బయట నుంచి మాత్రం అందడం లేదు. రెండు వారాలుగా ఇదే పని.

---

తీగపని_శ్రీకాకుళం

మీ సెట్టింగులో తప్పు ఉండకపోవచ్చు. స్టేటస్ పేజీలో ‘వ్యాన్’ చిరునామా, అంటే బయటి లైను వైపు రూటర్ చిరునామా, చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీకు విడిగా బయటి చిరునామా లేదు, ఎన్నో ఇళ్లకు కలిపి ఒకటే ఇచ్చారు. 2012లో ఆ చిరునామాలను ఇందుకోసమే కేటాయించారు. బయట నుంచి వచ్చినవాడికి మీ ఇల్లు ఏదో తెలిసే దారి లేదు, మీ రూటర్‌లో ఎన్ని తలుపులు తెరిచినా లాభం లేదు. కనెక్షన్ ఇచ్చినవారిని అదనపు రుసుముతో స్థిర చిరునామా అడగండి, లేదా కెమెరాతో వచ్చిన యాప్ వాడండి. యాప్ అయితే కెమెరానే బయటికి వెళ్లి కలుపుకుంటుంది గనుక పనిచేస్తుంది. ఎలా ఉన్నా మీరు తెరిచిన పోర్టులన్నీ ఇవాళే మూసేయండి. కెమెరా పాత పాస్‌వర్డు మార్చకపోతే అదీ ఇవాళే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి కెమెరాలను, రూటర్లను లక్షల్లో పట్టుకుంది. దాని దగ్గర ఉన్నదల్లా సుమారు అరవై జతల ఫ్యాక్టరీ పేర్లు, పాస్‌వర్డులు, అంతే.

---

గోదావరిగట్టు_టీచర్

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చూశాను. ఇప్పుడు వైఫైలో ఉన్నవి అన్న జాబితాలో ఆరు వరుసలే. నాలుగింటి రెండో స్థానంలో 2, 6, ఏ, ఈ లలో ఒకటి ఉంది. మా ఫోన్లు ఒక్కొక్కటిగా ఆపి చూశాను, పైవాళ్ల ఫోన్ల సంఖ్యలు ముందే రాసుకున్నాను. నాలుగూ సరిపోయాయి. ఐదోది మా టీవీ. ఆరోదాని రెండో స్థానంలో 8. మొదటి ఆరూ వెతికితే కెమెరాలు తయారుచేసే సంస్థ అని వచ్చింది. మా ఇంట్లో కెమెరా లేదు. పైవాళ్లకూ లేదు.

పాస్‌వర్డు ఎలాంటిది పెట్టాలో, ఇంకా ఏవేవి మూయాలో చెప్పండి. ఇవాళే మారుస్తాను.

---

ఐదోమెట్టు

నాలుగున్నరకు లేచి కొట్టివేత పద్ధతిలో తేల్చారు, ఇంతకంటే శుభ్రంగా నేనూ చేయలేను.

వైఫై పాస్‌వర్డు 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు. పొడవే బలం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో చిన్న గీతతో రాయండి. ‘పనసతొన, రంపం, శ్రావణం, గిలక’ లాంటివి, ఇవే కాదు. ఫోను నంబరు, పుట్టినతేదీ, ఇంటిపేరు వద్దు. భద్రత రకం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. లోపలికి వెళ్లే పాస్‌వర్డు కూడా మార్చి నోటుపుస్తకంలో రాయండి. నోటుపుస్తకంలో రాయకూడదని కొందరంటారు, నేను ఒప్పుకోను. మీ బీరువాలోని పుస్తకాన్ని దూరదేశపు దొంగ చదవలేడు.

డబ్ల్యూపీఎస్ అనేది ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్‌తో పరికరాలను కలిపే సదుపాయం అది. ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు కదా అనిపిస్తుంది. కానీ చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టినదే. పైగా రూటర్ మొదటి నాలుగూ సరైనవో కాదో విడిగా చెప్పేస్తుంది. మొదటి సగానికి 10,000, రెండో సగానికి 1,000. కలిపితే 11,000 ప్రయత్నాలు చాలు. 2011లో ఇది బయటపడింది. పాత రూటర్లలో ఇంకా తెరిచే ఉంటుంది. ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అన్నది, అంటే బయట నుంచి రూటర్ సెట్టింగులు మార్చే దారి, తెరిచి ఉంటే అదీ మూసేయండి.

ట్యూషన్ పిల్లలకు ‘గెస్ట్’ నెట్‌వర్కు వేరుగా పెట్టండి. వాళ్లకు ఇంటర్నెట్ అందుతుంది, మీ ఇంటి పరికరాలు కనిపించవు. ఏటా బ్యాచి మారినప్పుడు ఆ ఒక్కటి మారిస్తే చాలు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని కనిపిస్తే కరెంటు పోని వేళ చూసి చేయండి, మధ్యలో కరెంటు పోతే రూటరే పనికిరాకుండా పోవచ్చు.

---

తీగపని_శ్రీకాకుళం

బొమ్మ ఆగిపోవడం గురించి నాదొక మాట. రూటర్ ఎక్కడ ఉంది? చాలా ఇళ్లలో టీవీ వెనక చెక్క అరలో, నేలకు దగ్గరగా పెట్టిస్తారు. ఎత్తులో, తెరిపిగా ఉండాలి. ఒకసారి ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రూటర్‌కు కలిపి ఎనిమిదిన్నరకే మాట్లాడి చూడండి. అప్పుడూ ఆగితే లోపం బయటి లైనులో ఉంది, లేదా లైను నిండిపోతోంది. ఆగకపోతే లోపం వైఫైలో ఉంది. మీ రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ అనే వైఫై తరంగం కూడా ఉంటే ఒకే గదిలో అదే మేలు. గోడలు దాటాలంటే 2.4 గిగాహెర్ట్జ్ మేలు, కానీ చుట్టుపక్కల ఇళ్లన్నీ దానిమీదే ఉంటాయి. అందులో 1, 6, 11 ఛానళ్లే ఒకదానిమీద ఒకటి పడవు. ఈ మూడింటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

---

గోదావరిగట్టు_టీచర్

నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను.

పాస్‌వర్డులు మార్చేముందు, ఆ రాత్రి పైవాళ్ల ల్యాప్‌టాప్ తెచ్చి తీగతో కలిపి మాట్లాడాను. తీగతోనూ ఆగింది. మర్నాడు పొద్దున రెండు పాస్‌వర్డులూ మార్చాను, డబ్ల్యూపీఎస్ ఆపాను, పిల్లలకు గెస్ట్ పెట్టాను. పదకొండింటికి ఎదురు కిరాణా కొట్టు ఆయన వచ్చారు. ‘అమ్మా, మీ ఇంట్లో నెట్టు పోయిందా, మా కెమెరా ఆగిపోయింది’ అని అడిగారు. పై వాటాలో ఇంతకుముందు ఉన్నవాళ్లు ఆయనకు పాస్‌వర్డు చెప్పి, కెమెరా కలిపి వెళ్లారట. నాకు తెలిసే చేశారనుకున్నారట ఆయన. రాత్రింబవళ్లు ఆ కెమెరా బొమ్మను మా లైను మీదుగా బయటికి పంపుతూనే ఉంది. రెండు నెలల కిందటే ఇంకో రెండు కెమెరాలు చేర్చి ఆ కెమెరా రికార్డింగు పెట్టెకే కలిపారట. నేను బాధపడ్డాను గానీ ఆయనను ఏమీ అనలేదు. కనెక్షన్ నా పేరున ఉంది, ఎవరు ఏం చేసినా నా పేరే వస్తుంది, ఇక ఇవ్వలేనని స్పష్టంగా చెప్పాను. ఆయన సొంత కనెక్షన్ పెట్టించుకుంటున్నారు. ఆయన రూటర్ వచ్చిన రోజు అడుగున ఉన్న కాగితం ఫొటో తీసుకోవాలని, పీపీపీఓఈ పేరు రాసి ఉంచుకోవాలని చెప్పాను.

రూటర్ టీవీ వెనక చెక్క అరలోనే ఉండేది. పుస్తకాల బీరువా పైకి మార్పించాను. నా ఫోను ఇప్పుడు 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది.

నిన్న పాప పదమూడు నుంచి పదహారు దాకా ఆగకుండా చెప్పింది. పదహారు ఏడులు దగ్గర తడబడితే, ఈసారి తడబడింది పాపే అని తెలిసి ఊరుకున్నాను. తనే సరిదిద్దుకుని నూటపన్నెండు అంది.